తెల్ల గుడ్డ బూడిద రంగులో ఎందుకొస్తుంది?

ప్రశ్న: మా ముందుగదిలోనే చిన్నపిల్లల ఫోటోలు తీస్తున్నాను. గది 10 అడుగుల వెడల్పు, 12 అడుగుల పొడవు. రెండు ఫ్లాషులు, వాటిని కెమెరాతో పాటు వెలిగించే ట్రిగ్గర్లు, ఫ్లాషు వెలుగుని మెత్తబరిచే ఒక తెల్ల అంబ్రెల్లా, క్రాప్ సెన్సర్ (కాస్త చిన్న సెన్సర్ ఉండే) కెమెరా, 50 ఎంఎం లెన్సు ఉన్నాయి. వెనక తెల్ల గుడ్డ కడితే ఫోటోలో బూడిద రంగు వస్తోంది. రెండు ఫ్లాషులూ గుడ్డ మీదకి తిప్పితే పిల్లల చెవులు, జుట్టు అంచులు కరిగిపోయినట్టు ఉంటున్నాయి. ఇంకో రెండు లైట్లు కొనమంటున్నారు. కొనాలా?
– ఒక పాఠకురాలు, గాజువాక

జవాబు: వద్దమ్మా, డబ్బు దాచుకోండి. ఉన్నవాటిని ఎక్కడ పెట్టాలో తేలితే చాలు.

అంబ్రెల్లా తగిలించిన ఫ్లాషు పాప ముఖానికి 3 అడుగుల్లో ఉందనుకుందాం. గుడ్డ పాపకి ఇంకో 3 అడుగులు వెనక. అంటే లైటు నుంచి గుడ్డకి 6 అడుగులు. దూరం రెట్టింపైతే వెలుగు నాలుగో వంతుకి పడిపోతుంది. ముఖం బాగా వచ్చేలా కెమెరా సెట్ చేసుకుంటే గుడ్డ రెండు స్టాపులు కింద ఉండిపోతుంది (వెలుగు సగమైతే ఒక స్టాపు తగ్గినట్టు, రెట్టింపైతే ఒక స్టాపు పెరిగినట్టు). ఎంత మల్లెపూవులాంటి గుడ్డయినా రెండు స్టాపులు తగ్గితే బూడిదే. అందుకని దానికి వేరే లైటు కావాలి. అది మీ దగ్గరున్న రెండో ఫ్లాషే.

పాపని గుడ్డకి 5 అడుగులు ముందుకి కూర్చోబెట్టండి. మీరు పాపకి 6 అడుగుల్లో ఉండండి. వీపు గోడకి ఆనుతుంది, తప్పదు. మరీ ఇరుకైతే గుడ్డ మూలకి కట్టి ఐమూలగా తీయండి. మీ గది ఐమూల 15 అడుగులు దాటుతుంది.

ఇప్పుడు ఒక లెక్క. 50 ఎంఎంతో కెమెరా నిలువుగా పట్టుకుంటే, 11 అడుగుల దూరంలో ఉన్న గుడ్డలో సుమారు మూడున్నర అడుగుల వెడల్పు, 5 అడుగుల ఎత్తు మాత్రమే ఫ్రేములోకి వస్తుంది. చాలామంది ఈ సంగతి చూసుకోకుండా గోడ మొత్తం వెలిగించడానికి తంటాలు పడతారు, నాలుగు లైట్లు కొంటారు. మీకు వెలగాల్సింది ఆ మూడున్నర అడుగులే.

రెండో ఫ్లాషుని పొట్టి స్టూలు మీద, పాప వీపు చాటున, గుడ్డకి 3 అడుగుల్లో పెట్టి గుడ్డ వైపు తిప్పండి. దాని తలలో ఉండే వైడ్ ప్యానెల్ (వెలుగుని వెడల్పుగా పరిచే పలుచని ప్లాస్టిక్ పలక) బయటికి లాగండి. లేకపోతే మధ్యలో తెల్ల మచ్చ, చుట్టూ బూడిద వస్తాయి. పాకే వయసు పిల్లలైతే ఈ ఏర్పాటు పనికిరాదు, వెనక్కి తిరిగి ముందు ఆ ఫ్లాషే పట్టుకుంటారు. అప్పుడు దాన్ని ఫ్రేము బయట పక్కగా, ఎత్తుగా పెట్టి గుడ్డ అవతలి అంచుకి గురిపెట్టండి. పాపకీ దానికీ మధ్య నల్ల చార్టు అతికించిన థర్మోకోల్ అట్ట నిలబెట్టండి.

ఎంత పవర్ అంటే, ముఖం మీద పడే వెలుగు కంటే గుడ్డ మీద ఒక స్టాపు ఎక్కువ. ఒకటిన్నర దాటనివ్వకండి. వెలుగు కొలిచే మీటరు లేకపోయినా ఫర్వాలేదు. ముందు అంబ్రెల్లా ఒక్కటే వెలిగించి ముఖం సరిచూసుకోండి, లెన్సు అపర్చర్ ఎఫ్ 5.6 దగ్గర మొదలుపెట్టొచ్చు. తర్వాత కెమెరాలో హైలైట్ హెచ్చరిక (మరీ తెల్లబడిన చోట్లు తెర మీద మినుకుమనేలా చేసేది) ఆన్ చేసి, గుడ్డ ఫ్లాషుని పూర్తి పవర్‌లో 1/16 వంతు నుంచి మెల్లగా పెంచండి. గుడ్డంతా మినుకుమినుకుమన్న చోట ఆగిపోండి. ఇప్పుడు అంబ్రెల్లా లైటు ఆపి ఒక ఫోటో తీయండి. పాప నల్లటి నీడబొమ్మలా, అంచులు తెగినట్టు రావాలి. చెవుల మీద, బుగ్గల మీద వెలుగు పాకిందంటే గుడ్డ లైటు ఎక్కువైంది, లేదా పాప గుడ్డకి దగ్గరగా ఉంది. మీ చెవులు కరిగిపోయే జబ్బుకి మందు ఈ పరీక్షలోనే ఉంది. పవర్ తక్కువలో ఉంటే ఫ్లాషు త్వరగా రీఛార్జ్ అవుతుంది కూడా. పిల్లలు నవ్వాక మన బ్యాటరీ కోసం ఆగరు కదా.

గోడలకి ఆకుపచ్చో, గులాబీయో రంగుంటే అదే బుగ్గల మీదకి వస్తుంది. పాపకి అటూ ఇటూ ఫ్రేము బయట నల్ల దుప్పటి వేలాడదీయండి. చిన్న గదిలో గుడ్డ నుంచి తిరిగొచ్చే వెలుగునీ అదే మింగేస్తుంది, ముఖం అంచులు నిలబడతాయి. ఇక మన విశాఖ ఉక్కపోత సంగతి చెప్పక్కర్లేదు. సీలింగ్ ఫ్యాన్ వేస్తే అంబ్రెల్లా రెక్కలకి తగులుతుంది, ఆపితే పాప నుదురు చెమటతో మెరుస్తుంది. టేబుల్ ఫ్యాన్ పక్కగా పెట్టి, స్టాండు కాళ్ల మీద ఇసుక సంచి వేయండి.

ప్రశ్న: గుడ్డ బదులు పేపర్ రోల్ తెచ్చాను. వానాకాలంలో అలలు తేలుతోంది. ఏం చేయాలి?
– ఒక పాఠకుడు, పెదవాల్తేరు

జవాబు: సముద్రం పక్కన ఉన్నామండీ, తేమకి కాగితం ఉబ్బుతుంది. పని కాగానే చుట్టి, ప్లాస్టిక్ సంచి తొడిగి, నిలువుగా ఉంచండి. పడుకోబెడితే నడుం వంగుతుంది. ఉన్న అలలు కనిపించకూడదంటే రెండు పక్కల నుంచీ సమానంగా లైటు వేయండి, ఒక పక్క నుంచే వేస్తే ప్రతి ముడతా లేచి కనిపిస్తుంది. సముద్రానికి అంత దగ్గరలో నేనైతే వినైల్ (ప్లాస్టిక్ షీటు) వాడతాను, తడిగుడ్డతో తుడుచుకోవచ్చు కూడా.

ప్రశ్న: అమెరికా వీసా ఫోటోకి కూడా వెనక ఇలాగే వెలిగించాలా? ఫోన్ యాప్‌తో తెల్లగా చేసేస్తే పోదా?
– ఒక విద్యార్థి, ఎంవీపీ కాలనీ

జవాబు: యాప్ జోలికి పోవద్దు బాబూ. యాప్‌లతో మార్చిన ఫోటో వాళ్లు ఒప్పుకోరు. ఫోటో 2 అంగుళాల చదరం, గత 6 నెలల్లో తీసింది, కళ్లజోడు లేకుండా ఉండాలి. బ్యాక్‌గ్రౌండ్ తెలుపో, తెలుపుకి దగ్గరి రంగో అయితే సరిపోతుంది కాబట్టి పైన చెప్పినంత మెరుపు అక్కర్లేదు. వెనక గోడ మీద, ముఖం మీద వెలుగు సమానంగా ఉంచండి. గోడకి 4 అడుగులు ముందుకి నిలబడితే తల నీడ వెనక పడదు. లైటు పెంచి చెవుల అంచులు పోగొట్టుకుంటే మళ్లీ తీయించుకోవాల్సిందే.