సమాధానం: వీటో చేతిలో ఉన్నా 1995లో అమెరికా ప్రభుత్వం ఎందుకు మూతపడింది?

అప్పటి అధ్యక్షుడు క్లింటన్‌కు వీటో ఉంది కదా, ప్రభుత్వ ఆఫీసులు మూతపడకుండా ఎందుకు ఆపలేకపోయాడు, ఎగ్జిక్యూటివ్ ఆర్డర్ (అధ్యక్షుడు సొంతంగా ఇచ్చే ఆదేశం) ఇస్తే సరిపోయేది కదా అని అడిగారు. చిక్కు అక్కడే ఉందండీ. వీటో బిల్లును ఆపుతుంది, డబ్బు ఇవ్వదు. ఖజానా నుంచి ఒక్క డాలరు తీయాలన్నా కాంగ్రెస్ (అమెరికా పార్లమెంటు) చట్టం చెయ్యాల్సిందే. ఆర్డర్‌తో ఆ పని కాదు.

1994 ఎన్నికల్లో కాంగ్రెస్ రెండు సభలూ (దిగువ సభ, సెనేట్) క్లింటన్ ప్రత్యర్థి పార్టీ రిపబ్లికన్ల చేతికి వెళ్లాయి. మరుసటి ఏడాది నవంబరులో వాళ్లు పంపిన తాత్కాలిక నిధుల బిల్లులోనే మెడికేర్ (వృద్ధుల ప్రభుత్వ ఆరోగ్య బీమా) ప్రీమియం పెంపు కూడా కలిపేశారు. క్లింటన్ వీటో చేశాడు, నిధులు లేక ఆఫీసులు 5 రోజులు మూతపడ్డాయి. డిసెంబరు 16 నుంచి మళ్లీ 21 రోజులు.

అయినా నిలబడ్డాడంటే కారణం ఓట్ల లెక్క. వీటోను తోసిపుచ్చాలంటే రెండు సభల్లోనూ ఓటేసినవాళ్లలో మూడింట రెండు వంతులు కావాలి. అందరూ హాజరైతే దిగువ సభలో 290, సెనేట్‌లో 67. రిపబ్లికన్లకు దిగువ సభలో ఉన్నది 230 చిల్లర. అధ్యక్షుడికి సెనేట్‌లో 34 మంది గట్టిగా నిలిచినా చాలు.

కానీ కొత్త చట్టం కావాలంటే బేరం తప్పదు. పేదలకిచ్చే ప్రభుత్వ సాయాన్ని మార్చే సంక్షేమ సంస్కరణను క్లింటన్ రెండుసార్లు వెనక్కి పంపి, మార్పులయ్యాక 1996 ఆగస్టులో సంతకం పెట్టాడు. నా దృష్టిలో వీటో అసలు విలువ ఈ బేరంలోనే ఉంది.

పరీక్షకైతే ఇదీ గుర్తుంచుకోండి: ఆదివారాలు మినహా 10 రోజుల్లో సంతకం పెట్టకపోతే బిల్లు దానంతటదే చట్టమవుతుంది. ఈలోగా కాంగ్రెస్ వాయిదా పడి, బిల్లు తిప్పి పంపే వీలు లేకపోతేనే అది రద్దవుతుంది.