నాయనకు చెప్పాలా, వద్దా?

ప్రశ్న: మాది తిరుపతి. నేను డిగ్రీ చివరి ఏడాది, తమ్ముడు ఇంటర్ రెండో ఏడాది. వాడి బ్యాగులో పెన్‌డ్రైవ్ లాంటిది దొరికితే నిలదీశాను. వేప్ అట, అంటే ఈ-సిగరెట్. "పొగ కాదక్కా, ఆవిరి. మామిడిపండు ఫ్లేవర్. నికోటిన్ లేనిదే" అంటాడు. అది లేని రోజు మాత్రం ఇంట్లో అందరి మీదా అరుస్తాడు. మొన్న అలిపిరి మెట్లెక్కుతూ గాలిగోపురం చేరకముందే ఆయాసంతో కూలబడ్డాడు. నాయనకు చెప్పనని ఒట్టేయించుకున్నాడు. నాయన బీడీలు తాగుతాడు, కోపం కూడా ఎక్కువే. ఏం చేయాలి?

జవాబు: అమ్మా, అది లేని రోజు అరుస్తాడన్నావు చూడు, అక్కడే విషయం తెలిసిపోతోంది. మామిడిపండు వాసన కోసం ఎవరూ ఇల్లు పీకి పందిరేయరు. నికోటిన్ అందకపోతేనే ఆ చిరాకు.

మన దేశంలో 2019 నుంచి ఈ-సిగరెట్లు తయారుచేయడం, దిగుమతి, అమ్మకం అన్నీ నిషేధం. అమ్ముతూ మొదటిసారి దొరికినా ఏడాది దాకా జైలో, లక్ష దాకా జరిమానానో, రెండూనో పడొచ్చు. కాబట్టి వాడి చేతికొచ్చింది దొంగ సరుకే. పైన 'నికోటిన్ లేదు' అని రాసున్నా నమ్మడానికి లేదు. అమెరికాలో 2019-20లో వేపింగ్ వల్ల ఊపిరితిత్తులు దెబ్బతిని 2,800 మందికి పైగా ఆసుపత్రుల్లో చేరారు, 68 మంది చనిపోయారు. వాళ్లలో చాలామంది వాడింది బయట దొంగచాటుగా కొన్న గంజాయి ద్రవం, అందులో కలిపిన విటమిన్-ఇ అసిటేట్. మీవాడు అది వాడుతున్నాడని కాదు. లోపల ఏముందో తెలియని సరుకు పీలిస్తే ఏమవుతుందో చెప్పడానికి ఈ సంగతి.

అది నీళ్ల ఆవిరీ కాదు. గ్లిజరిన్ లాంటి ద్రవాలు, ఫ్లేవర్ రసాయనాలు వేడికి సన్నటి తుంపరగా మారి లోపలికి పోతాయి. "సిగరెట్ కంటే నయం కదా" అని వాదిస్తాడు. కాలే పొగాకులో ఉండే తారు ఇందులో ఉండదు, ఆ మాట ఒప్పుకో. కానీ సిగరెట్టే తాగని పిల్లాడికి ఆ పోలిక ఎందుకు? మెదడు పాతికేళ్ల దాకా ఎదుగుతూనే ఉంటుంది. ఈ వయసులో నికోటిన్ తొందరగా పట్టేస్తుంది, చదువు మీద ధ్యాస చెడగొడుతుంది.

ఆయాసం వేప్ వల్లే అని నేను చెప్పలేను. ఆస్తమా కావచ్చు, రక్తం తక్కువై ఉండొచ్చు. రుయా ఆసుపత్రిలోనో, మీకు తెలిసిన డాక్టరు దగ్గరో చూపించండి. వేప్ సంగతి మాత్రం డాక్టరు దగ్గర దాచొద్దు. ఛాతీ నొప్పి, ఊపిరాడకపోవడం ఉంటే ఒట్టూ గిట్టూ చూడకు, వెంటనే తీసుకెళ్లు.

ఇక ఆ ఒట్టు. చాటుగా చెప్పేస్తే వాడు రేపటి నుంచి నీ దగ్గరా దాస్తాడు. "ఈ ఆదివారంలోపు నువ్వే అమ్మకు చెప్పు, నేను పక్కనే ఉంటా. లేదంటే నేనే చెప్తా" అని వాడి మొహం మీదే చెప్పు. నాయనతో మాట్లాడే పని అమ్మది. కొండ మీద పొగాకు నిషేధం కదా, అక్కడున్నంతసేపూ బీడీ లేక ఆయన ఎలా చిటపటలాడతారో ఇంట్లో అందరికీ తెలుసు. కొడుకు పడుతున్నదీ అదే అని అమ్మ చెబితే, చేయి లేపే ముందు ఒక్క క్షణం ఆగుతారనే నా ఆశ.

మానేశాక మొదటి మూడు నాలుగు రోజులు బాగా కష్టం, కొన్ని వారాల్లో తగ్గుతుంది. ఆ రోజుల్లో అరిచినా ఎదురు అరవకండి. పొగాకు మానడానికి సాయం చేసే ప్రభుత్వ ఉచిత నంబరు 1800-11-2356. మీ నాయన కూడా చేయొచ్చు.