ఎదిగే పాప, పెరిగే షుగర్: పెద్దమ్మ ఉత్తరం

అమ్మలూ,

పాపకి పొద్దున్నే షుగర్ 240, 260 చూపిస్తోందని, దొంగచాటుగా ఏదో తింటోందని నీకు అనుమానంగా ఉందని రాశావు. దాన్ని నిలదీయకు. పదకొండేళ్లు వచ్చాయి, ఎత్తు కూడా పెరుగుతోంది అంటున్నావు. టైప్ 1 షుగర్ జబ్బు, అంటే ఒంట్లో ఇన్సులిన్ తయారవక సూదితో వేసుకోవాల్సిన రకం, ఉన్న పిల్లలకి ఈ వయసులో ఒక్క మెతుకు ఎక్కువ తినకపోయినా షుగర్ పెరుగుతుంది. మీ అక్కని పెంచేటప్పుడు నేను కళ్లారా చూశాను.

ముందు ఈ వయసులో ఒంట్లో ఏం జరుగుతుందో చెప్తాను. కిడ్నీల మీద టోపీ పెట్టినట్టు అడ్రినల్ గ్రంథులు ఉంటాయి. పిల్లలకి ఆరు, ఎనిమిదేళ్ల మధ్య అవి డీహెచ్‌ఈఏ అనే హార్మోన్ తయారుచేయడం పెంచుతాయి. చెమట వాసన మారడం, మొహం జిడ్డు దేరడం, చంకల్లో వెంట్రుకలు చాలావరకు దాని పనే. దానికే పిల్ల పెద్దదైపోతోందని కంగారు పడక్కర్లేదు. ఎనిమిదేళ్లలోపే కనబడితే మాత్రం డాక్టర్‌కి చూపించాలి. ఛాతీ పెరగడం మొదలైతే అప్పుడు అండాశయాలు పనిలోకి దిగినట్టు. అక్కణ్ణుంచి రెండు, రెండున్నరేళ్లకి పెద్దమనిషి అవుతుంది.

ఈ వయసులో షుగర్ పెంచడంలో గ్రోత్ హార్మోన్‌ది పెద్ద చెయ్యి. అది ఎక్కువగా ఊరే రోజుల్లో, వేసిన ఇన్సులిన్ మునుపటిలా పనిచేయదు. తెల్లవారుజామున అడ్రినల్ నుంచి వచ్చే కార్టిసాల్ అనే హార్మోన్ కూడా తోడవుతుంది. రెండూ కలిసి కాలేయం నుంచి గ్లూకోజ్‌ని రక్తంలోకి వదిలిస్తాయి. పొద్దున రీడింగ్ అందుకే అలా ఉంటుంది. చిన్నప్పుడు కిలో బరువుకి రోజుకి 0.7 నుంచి 1 యూనిట్ సరిపోయే పిల్లలకి ఇప్పుడు 1.2, ఒక్కోసారి 2 దాకా పడుతుంది. అంటే 35 కిలోల పిల్లకి 42 యూనిట్లు దాటినా వింత కాదు. డోసు పెరిగితే జబ్బు ముదిరిందనుకుని ఏడవకు. ఎదుగుదల ఆగాక మళ్లీ తగ్గుతుంది.

అలాగని నీ అంతట నువ్వు పెంచేయకు. నాలుగు రోజులు పడుకునే ముందు, రాత్రి మూడింటికి, పొద్దున లేవగానే చూసి రాసుకో. మూడింటికి బాగుండి పొద్దునకి పెరిగితే ఒక దారి, పడుకునేటప్పుడే ఎక్కువుంటే ఇంకో దారి. డాక్టర్‌కి ఆ కాగితం చాలా అక్కరకొస్తుంది. సూది వేసే చోట్ల చర్మాన్ని కూడా సబ్బు చేత్తో మెల్లగా తడిమి చూడు. కంటికి కనబడని గట్టి ఉబ్బులు వేలికి తగులుతాయి. నొప్పి తెలియదని పిల్లలు అక్కడే పొడుచుకుంటారు, అక్కడ వేసిన మందు సరిగా ఒంటికి పట్టదు.

స్కూల్ నుంచి రాగానే "ఎంతొచ్చింది?" అని అడగడం మానెయ్. ముందు అన్నం పెట్టు. భయం, టెన్షన్ వల్ల ఊరే అడ్రినలిన్, కార్టిసాల్ కూడా షుగర్‌ని పెంచుతాయి. పైగా తిట్లు తప్పించుకోవడానికి పిల్లలు దొంగ రీడింగులు చెప్పడం నేర్చుకుంటారు. అసలు ప్రమాదం అది. ఇన్సులిన్ మానేస్తే సన్నబడతామని కొందరు ఆడపిల్లలు రహస్యంగా మానేస్తారు కూడా. కడుపునొప్పి, వాంతులు, ఆయాసం కనబడితే కీటోన్లు, అంటే ఇన్సులిన్ చాలక కొవ్వు కరిగినప్పుడు రక్తంలో చేరే ఆమ్లాలు, పెరిగాయేమో చూడాలి, ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

పెద్దమనిషి అయిన రోజు సంగతి ఇప్పుడే మీ అత్తగారితో మాట్లాడుకో. మన వైపు మూల కూర్చోబెట్టి నువ్వులు, బెల్లం దంచిన చిమ్మిలి పెడతారు, వచ్చిన ప్రతి ముత్తైదువా ఓ ముద్ద నోట్లో పెడుతుంది. బెల్లం అంటే దాదాపు అంతా చక్కెరే. వద్దని పిల్లని చిన్నబుచ్చకు. భోజనంతోపాటు ఎంత తింటుందో ముందే లెక్కేసి, దానికి తగ్గ డోసు వెయ్యి. మిగతావాళ్లు అక్షింతలు వేసి దీవిస్తే చాలు. మైల పేరుతో మీటర్, ఇన్సులిన్ దాని చేతికి అందకుండా పెడితే మాత్రం ఎవరి మొహమాటానికీ లొంగకు. ఆ తర్వాత నెలసరి తేదీలు రాసిపెట్టు. కొందరికి దానికి ముందు రోజుల్లో షుగర్ పెరిగి, మొదలయ్యాక దిగుతుంది.

దీనికి పూర్తిగా తిరగబడే సంగతి ఒకటుంది. కారణం లేకుండా షుగర్ పదేపదే 70 కిందికి పడిపోతూ, ఇన్సులిన్ అవసరం తగ్గుతూ, పిల్ల నీరసపడి, బరువు తగ్గి, చిగుళ్లు, వేళ్ల కణుపులు నల్లబడి, ఉప్పు కోసం వెంపర్లాడుతుంటే, అడ్రినల్ గ్రంథులు దెబ్బతిన్నాయేమో అనుమానించాలి. అడిసన్స్ అంటారు. అరుదే, కానీ టైప్ 1 పిల్లలకి మామూలు పిల్లలకన్నా ఎక్కువగా వస్తుంది. పొద్దున కార్టిసాల్ పరీక్ష చేయమని నువ్వే డాక్టర్‌ని అడుగు.

ఈ రాత్రి నుంచే రాయడం మొదలుపెట్టు. మూడింటి రీడింగ్‌కి నువ్వొక్కదానివే లేవకు, ఒకరోజు మీ ఆయన్ని లేపు. పాప నిద్ర చెడకుండా వేలి చివర పక్కగా గుచ్చితే చాలు. కాగితం నిండాక నాకు ఫోన్ చెయ్, డాక్టర్ దగ్గరికి నేనూ వస్తాను.

మీ పెద్దమ్మ