విత్తనానికి ఏ కాయ వదలాలి

చి. లక్ష్మికి, పెద్దనాయన ఆశీస్సులు.

బిడ్డా, మిద్దె తోటలో తొలి కోత వంకాయలన్నీ కూరకు తెంపి, ఆఖరున మిగిలిన బక్క మొక్కల కాయలను విత్తనానికి వదులుతున్నారు మీరు. నాలుగేండ్లు అట్లనే చేస్తే ఆలస్యంగా, తక్కువగా కాసే రకాన్ని మీరే తయారు చేసుకున్నట్టు.

పంటలు పుట్టింది ఇట్లాంటి ఎంపికతోనే. అడవి వరి పండగానే గింజ రాలుస్తుంది, దాని బతుకుకు అదే మేలు. మనిషి ఇంటికి తెచ్చుకున్నది మాత్రం కంకిని వదలని గింజలను. మళ్ళీ చల్లిందీ వాటినే, అట్లా రాలే గుణం పోయింది. నువ్వుల్లో ఇంకా పోలేదు, అందుకే కాయ పగలకముందే కోసి కట్టలు నిలబెడతారు. పంటలు మనల్నీ మార్చాయి: పిండిపదార్థం ఎక్కువ తినే జనాల్లో, ఉమ్మిలో ఉండి పిండిని అరిగించే అమైలేజ్ అనే ఎంజైమ్‌ను తయారుచేసే జన్యువు ప్రతులు సగటున ఎక్కువని 2007లో తేలింది. ఇంకోటి, రుచి, దిగుబడి చూసి ఏరుకుంటూ పోతే తెగుళ్ళను తట్టుకునే గుణాలు జారిపోతాయి. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ అనే పంటల పరిశోధన సంస్థలో కంది, శనగల అడవి చుట్టాలనూ దాచేది అందుకే.

వంకాయకు కాయను కాదు, మొక్కను చూడు. అయిదారు మంచి మొక్కలకు దారం కట్టి, ఒక్కోదానికి రెండో కోత కాయలు ఒకటి రెండు ముట్టకుండా వదులు. పసుపుపచ్చగా మారి మెత్తబడేదాకా తెంపొద్దు. నీళ్ళలో పిసికి, మునిగిన గింజలే తీసుకో. హైబ్రిడ్ ప్యాకెట్ మొక్కలైతే ఈ శ్రమ వద్దు, పిల్లలు తలా ఒక తీరుగా వస్తాయి.

సొరకాయ దగ్గర జాగ్రత్త. పక్కింటి మిద్దె మీది సొర పుప్పొడి సోకితే ఈ ఏడు కాయలో ఏమీ తెలియదు, వచ్చే ఏడు మొక్కలో బయటపడుతుంది. బీర, దోసలతో మాత్రం సొర కలవదు, ఆ భయం వద్దు. సాయంత్రం విచ్చుకోబోయే మొగపువ్వుకూ, అడుగున పిందె ఉన్న ఆడపువ్వుకూ నాలుగింటికే దారం కట్టు. చీకటి పడేటప్పుడు విప్పి, మొగపువ్వు పుప్పొడిని ఆడపువ్వు మధ్యలో రుద్ది, మళ్ళీ కట్టెయ్. ఆ తీగదే లేత కాయ ముక్క నాలుక మీద పెట్టి చూసి ఉమ్మెయ్. చేదైతే ఆ తీగ కాయలు వండొద్దు, గింజ దాచొద్దు. అడవి సొర తనను ఎవరూ తినకుండా దాచుకున్న విషమే అది, వండినా పోదు.

కొత్తిమీరకు లెక్క తిరగబడుతుంది. అందరికంటే ముందు పూతకొచ్చిన మొక్కను పీకి వంటకు వాడుకో, ఆలస్యంగా పూసినవే విత్తనానికి ఉంచు. ముందు గింజ ఇస్తోంది కదా అని సంబరపడితే, ఆకు రాకముందే పూసే కొత్తిమీర మిగులుతుంది. చాలామంది చెడగొట్టుకునేది ఇక్కడే.

గింజలను మే ఎండలో సిమెంటు గచ్చు మీద పోయొద్దు, మొలకశక్తి పోతుంది. నీడలో బట్ట మీద వారం ఆరబెట్టు. సొర గింజ వంచితే వంగకుండా పుటుక్కున విరగాలి. తేమ ఒక్క శాతం తగ్గితే ఆయుష్షు సుమారు రెట్టింపవుతుంది. ఆరాక గాజు సీసాలో పోసి, మూత గట్టిగా బిగించి, ఫ్రిజ్‌లో పెట్టు. పైన రకం, ఎన్ని మొక్కల గింజ, ఏ ఏడాదిదో రాయి. వంగ గింజ మూడు నాలుగేండ్లు ఆగుతుంది, ఉల్లి గింజను మాత్రం వచ్చే ఏడే చల్లెయ్.

మీ పెద్దనాయన