చెస్‌లో నల్ల పావులతో ఫ్రెంచ్ డిఫెన్స్ ఆడి టోర్నమెంట్‌లో గెలవొచ్చా?

గెలవొచ్చండి. తెల్ల పావులవాళ్ళు ఈ4 ఆడితే మనం ఈ6తో జవాబివ్వడమే ఫ్రెంచ్ డిఫెన్స్. పాతదైపోయింది, ఈ6 బంటు వెనక సి8 బిషప్ ఇరుక్కుపోతుంది, ఎందుకు ఆడటం అని అడిగారు కదా, నేను ఐదేళ్ళుగా అదే ఆడుతున్నా. పాత మాట నిజమే, 1834లో లండన్, పారిస్ వాళ్ళ మధ్య ఉత్తరాల మీద మొదలైన మ్యాచ్‌లో పారిస్ వాళ్ళు ఇది ఆడి గెలిచారు, పేరు అలా వచ్చిందే. మన గుంటూరు గ్రాండ్‌మాస్టర్ హరికృష్ణ కూడా పెద్ద టోర్నమెంట్లలో ఆడాడు.

పోయిన ఏడాది దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక రేటింగ్ టోర్నమెంట్, నాలుగో రౌండ్, ఎదురుగా తొమ్మిదో క్లాస్ పిల్లాడు, చకచకా ఆడేస్తున్నాడు. ముందు అతని మూవ్, తర్వాత నాది: ఈ4 ఈ6, డి4 డి5, ఈ5 సి5, సి3, నా గుర్రం సి6, అతని గుర్రం ఎఫ్3, నా క్వీన్ బి6, అతని బిషప్ డి3. ఇక్కడే చాలామంది పోతారు. పాన్లు (బంట్లు) మార్చుకుని, డి4లో గుర్రాలు కూడా మార్చుకుని, క్వీన్‌తో అక్కడున్న పావు తీసుకున్నారనుకోండి, బిషప్ బి5కి వచ్చి చెక్ చెప్తుంది, వెనక నుంచి డి1లో ఉన్న క్వీన్ మీ క్వీన్‌ని తినేస్తుంది. అందుకే ముందు బిషప్ డి7లో పెట్టాలి, ఆ ఒక్క మూవ్ చాలు, నేనదే ఆడా. వాడు క్యాస్లింగ్ చేసి (రాజుని మూలకి దాచి) పాన్ వదిలేశాడు, తీసుకున్నా. తర్వాత ఏ6 ఆడి అతని గుర్రం బి5కి రాకుండా ఆపా, నా రెండో గుర్రం ఈ7, సి6, బి4 మీదుగా వెళ్ళి డి3 బిషప్‌ని తీసుకుంది. అటాక్ మొత్తానికీ ప్రాణం ఆ బిషప్పే, అది పోయాక అతను మొదటిసారి చేతులు కట్టుకుని ఆలోచించడం చూశా.

ఇక మీరు భయపడే బిషప్, అదే డి7లో పెట్టిన దాని సంగతి. దాన్ని తొందరపెట్టకూడదండి. అతని మిగిలిన గుర్రానికి నా ఇంకో బిషప్ ఇచ్చేశాక ఇది బి5కి చేరింది, ఇంక తోలేవాళ్ళు లేరు, రూక్ సి ఫైల్‌లోంచి రెండో వరస దాకా దిగింది, 47వ మూవ్‌కి ఓటమి ఒప్పుకుని చెయ్యి కలిపాడు.

బయట చాయ్ దగ్గర వాడే వచ్చి "అంకుల్, ఆ పాన్ కావాలనే ఇచ్చా, మీరు ఏ6 ఆడకపోతే బాగుండేది" అన్నాడు. మీరూ ముందు ఈ అడ్వాన్స్ లైనే (తెల్ల పాన్ ఈ5కి తోసే ఈ వరసే) నేర్చుకోండి, నాకు ఎదురైనవాళ్ళలో ఎక్కువమంది ఈ5కే తోస్తారు.