సింపుల్ ప్రెజెంట్ గురించి నీకు నాలుగు ముక్కలు

అమ్మలూ,

ఇంటర్వ్యూ కోసం నువ్వు రాసుకున్న పరిచయం చదివాను. బానే ఉంది కానీ వాక్యం వాక్యానికీ 'ఇంగ్' తగిలించావు. 'ఐ యామ్ లివింగ్ ఇన్ తెనాలి, మై ఫాదర్ ఈజ్ వర్కింగ్ ఇన్ ఎ రైస్ మిల్, ఐ యామ్ హేవింగ్ టూ బ్రదర్స్'. తమ్ముళ్లేమైనా ఈ పూటకి అద్దెకు తెచ్చుకున్నవాళ్లా? ఐ హేవ్ టూ బ్రదర్స్ అను చాలు. మీ ఊరు, నాన్న పని, నీ అలవాట్లు ఎప్పుడూ ఉండేవి కాబట్టి అక్కడంతా సింపుల్ ప్రెజెంటే: ఐ లివ్, హి వర్క్స్. అదే కోచింగ్ కోసం మూడు నెలలు హాస్టల్లో ఉన్నావనుకో, అప్పుడు 'ఐ యామ్ స్టేయింగ్ ఇన్ అమీర్‌పేట్' అనడం కరెక్టే. నో (తెలుసు అనే అర్థంలో), లైక్, వాంట్, నీడ్ లాంటివాటికి మాత్రం మామూలుగా ఇంగ్ పెట్టకు.

మనవాళ్లు అసలు తడబడేది 'వెళ్తాను' దగ్గర. రోజూ వెళ్తాను, రేపు వెళ్తాను, రెండింటికీ మనకి ఒకటే మాట, అందుకే అలవాటు చెప్పాల్సిన చోట కూడా 'ఐ విల్ గో డైలీ' అని వచ్చేస్తుంది. నోరు తెరిచే ముందు ఆ వాక్యంలో 'రోజూ' గానీ 'మామూలుగా' గానీ పెట్టి చూసుకో, అతికితే ఐ గో. (రైళ్లు, బస్సుల టైమింగులు వేరు, రేపటి రైలైనా 'ద ట్రెయిన్ లీవ్స్ ఎట్ సిక్స్' అంటారు.)

ఇక ఆ చివరి 'స్'. తెలుగులో వెళ్తాను, వెళ్తావు, వెళ్తాడు, వెళ్తుంది, వెళ్తారు అని ఇన్ని తీర్ల మార్చి మాట్లాడేదానివి, ఇంగ్లీషులో మార్చాల్సింది హి, షి, ఇట్ వచ్చినప్పుడు ఒక్కసారే, తీరా అదే జారిపోతుంది. నాన్నగారు 'చేస్తారు' అని మనం గౌరవంగా బహువచనం వాడతాం, ఇంగ్లీషులో ఆ లెక్క లేదు, కలెక్టరైనా నాన్నైనా హి వర్క్స్. నువ్వు ఎప్పుడూ 'ఐ'తోనే ప్రాక్టీస్ చేస్తున్నావు, అందులో స్ రానే రాదు, ఇంకెప్పుడు అలవాటవుతుంది! ఓ వారం నీ సంగతి పక్కనపెట్టి అమ్మ గురించే మాట్లాడు. మై మదర్ గెట్స్ అప్ ఎట్ ఫైవ్, షి మేక్స్ టిఫిన్, షి వాచెస్ సీరియల్స్, ఇలా గట్టిగా, పైకి. పుస్తకంలో టేబుల్ బట్టీ పట్టడం కంటే ఇదే పనిచేస్తుంది, నా స్టూడెంట్స్‌లో చూశాను.

ప్రశ్నల్లో, కాదు అనేటప్పుడు మాత్రం జాగ్రత్త. డజ్ వచ్చిందంటే ఆ స్ అందులోనే ఉన్నట్టు, మళ్లీ క్రియకి తగిలించకు. డజ్ షి వర్క్? షి డజంట్ వర్క్. 'డజంట్ వర్క్స్' అనేది డిగ్రీ అయినవాళ్ల నోట కూడా వింటుంటాను.

పాత ప్రాజెక్టుల గురించి అడిగితే పాస్ట్ టెన్స్ కావాలి, దాని సంగతి వచ్చేవారం రాస్తాను. అమ్మని అడిగానని చెప్పు.

పెదనాన్న