ఉద్యోగం చేస్తూ విదేశాల్లో కంప్యూటర్ సైన్స్ చదవదలచిన తమ్ముడికి

చిరంజీవి తమ్ముడికి,

ఆశీస్సులు. ముప్పై నాలుగేళ్ల వయసులో, పదకొండేళ్ల ఉద్యోగ అనుభవంతో, విదేశీ విశ్వవిద్యాలయంలో కంప్యూటర్ సైన్స్ డిగ్రీ చేయడం తగిన పనేనా అని అడిగావు. నేను అదే పనిని ముప్పై ఆరో ఏట మొదలుపెట్టి నలభైకి ముగించాను. తప్పకుండా చదవమనే నా సలహా. అయితే ఏ దేశం, ఏ విశ్వవిద్యాలయం అని వెతకడానికి ముందు, వారానికి ఎన్ని గంటలు అంతరాయం లేకుండా చదువుకు ఇవ్వగలవో లెక్క తేల్చుకో. తక్కిన నిర్ణయాలన్నీ ఆ లెక్క మీదే నిలబడతాయి.

ఐరోపా దేశాల్లో వాడే ఈసీటీఎస్ క్రెడిట్ ఇందుకు మంచి కొలమానం. ఒక క్రెడిట్ అంటే తరగతులు, అసైన్‌మెంట్లు, పరీక్షకు చదవడం అన్నీ కలిపి 25 నుంచి 30 గంటల పని. పూర్తికాలం చదివే విద్యార్థి సెమిస్టరుకు 30 క్రెడిట్లు, రెండేళ్ల మాస్టర్స్‌కు 120 క్రెడిట్లు పూర్తి చేస్తాడు. 5 క్రెడిట్ల సబ్జెక్టు ఒక్కటి తీసుకుంటే 125 నుంచి 150 గంటలు పడుతుంది. దాన్ని 15 వారాలకు పంచితే వారానికి ఎనిమిది నుంచి పది గంటలు. వారానికి 40 గంటలు ఉద్యోగం చేసే మనిషికి ఇలాంటి సబ్జెక్టు ఒకటి సాఫీగా సాగుతుంది, రెండు కష్టంమీద సాగుతాయి, మూడోదానికి చోటుండదు. మొదటి సెమిస్టరులో నేను మూడు తీసుకుని, నిద్ర చాలక, ఏడో వారానికి ఒకదాన్ని వదులుకోవలసి వచ్చింది. ఆ ఫీజు తిరిగి రాలేదు.

గంటల లెక్క తేలాక దారులు మూడు కనిపిస్తాయి. ఉద్యోగం మానేసి విద్యార్థి వీసాపై వెళ్లడం మొదటిది. అక్కడ నువ్వు ముందు విద్యార్థివి, సంపాదన ఆ తరువాతి మాట. అమెరికాలో ఎఫ్-1 అనే విద్యార్థి వీసాపై ఉన్నవారు తరగతులు జరిగే రోజుల్లో క్యాంపస్‌లో వారానికి 20 గంటలే పనిచేయగలరు. ఆస్ట్రేలియాలో రెండు వారాలకు 48 గంటలు, జర్మనీలో ఏడాదికి 140 పూర్తి రోజులు లేదా 280 సగం రోజులు పరిమితి. ఇప్పుడున్న ఉద్యోగాన్నే అక్కడి నుంచి ఆన్‌లైన్‌లో కొనసాగిస్తానని రాశావు. ఆ పని కూడా వీసా నిబంధనల కిందికి రావచ్చు కనుక, విశ్వవిద్యాలయపు అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయం నుంచి లిఖితపూర్వకమైన జవాబు అందేవరకు దాని మీద ఆధారపడవద్దు. కుటుంబాన్ని వెంట తీసుకువెళ్లే ఆలోచన ఉంటే అది ఇంకా ముందే తేలాలి. బ్రిటన్‌లో 2024 జనవరి నుంచి మొదలైన బోధనా తరహా (పరిశోధన కాక తరగతులే ప్రధానమైన) మాస్టర్స్ కోర్సుల విద్యార్థులు భార్యాపిల్లలను డిపెండెంట్లుగా తీసుకువెళ్లడానికి వీలులేదు.

ఉన్నచోటనే ఉండి విదేశీ విశ్వవిద్యాలయపు డిగ్రీని ఆన్‌లైన్‌లో చేయడం రెండో దారి. అమెరికాలోని జార్జియా టెక్ విశ్వవిద్యాలయం 2014లో ప్రారంభించిన ఆన్‌లైన్ కంప్యూటర్ సైన్స్ మాస్టర్స్‌లో పది కోర్సులుంటాయి, సెమిస్టరుకు ఒక్కటి చొప్పున చదివేవారు అందులో చాలామంది ఉన్నారు. కంప్యూటర్ సైన్స్ నేపథ్యం లేనివారికోసమే పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం నడిపే ఎంసీఐటీ అనే మాస్టర్స్ కోర్సుకు కూడా ఆన్‌లైన్ రూపం ఉంది. నీది మెకానికల్ ఇంజినీరింగ్ కనుక దాన్ని తప్పక పరిశీలించు. అయితే ఈ డిగ్రీలు విద్యార్థి వీసా తెచ్చిపెట్టవు. ఆ దేశంలో స్థిరపడాలన్నదే నీ అసలు కోరికైతే, ఆ మాట ఇప్పుడే నీకు నువ్వు స్పష్టంగా చెప్పుకోవాలి.

మూడోది నేను నడిచిన దారి. ముందు ఉద్యోగం మీద ఆ దేశం చేరి, పని చేసుకుంటూనే సాయంకాలపు తరగతులకు వెళ్లాను. అమెరికాలో హెచ్-1బీ అనే ఉద్యోగ వీసాపై ఉన్నవారికీ ఉద్యోగం వదలకుండా చదువుకునే వీలుంది. దీనికి కాలం ఎక్కువ పడుతుంది గాని జీతం ఆగదు. అయితే యాజమాన్యం ఇచ్చే మాటను కాగితం మీద పెట్టించుకో. పరీక్షల వారంలో సెలవు ఇస్తానని మా మేనేజరు నోటిమాటగా చెప్పి, తీరా ఆ వారంలోనే కొత్త రిలీజు (సాఫ్ట్‌వేర్ కొత్త రూపం విడుదల) పెట్టాడు. రాత్రి రెండు గంటల వరకు సర్వర్ల ముందు కూర్చుని, ఉదయం తొమ్మిదికి ఆపరేటింగ్ సిస్టమ్స్ పరీక్ష రాశాను. ఆ సబ్జెక్టు మళ్లీ చదవవలసి వచ్చింది.

ఇక అన్నింటికంటే ముఖ్యమైన విషయం. ఉద్యోగం నుంచి వచ్చినవారిని ఈ చదువులో ఇబ్బంది పెట్టేది ప్రోగ్రామింగ్ కాదు, గణితం. చుక్కలను (నోడ్లు) గీతలతో (ఎడ్జ్‌లు) కలిపి, ఎక్కడా చుట్టు తిరిగి మొదటికి రాకుండా అన్నీ ఒకదానికొకటి అంటి ఉండే బొమ్మను ట్రీ అంటారు. మూడో వారం అసైన్‌మెంటులో, ప్రతి ట్రీలోనూ ఎడ్జ్‌ల సంఖ్య నోడ్ల సంఖ్యకంటే సరిగ్గా ఒకటి తక్కువని నిరూపించమన్నారు. నేను అయిదు నోడ్లతో చక్కని బొమ్మ గీసి, ఎడ్జ్‌లు నాలుగని లెక్కపెట్టి చూపించాను. దిద్దినతను ఎర్రసిరాతో “ఇది ఉదాహరణ, రుజువు కాదు” అని రాసి సున్నా వేశాడు. అన్నేళ్లు ప్రోగ్రాములు రాసిన నాకు ఆ రెండింటికీ తేడా తెలియదని ఆ రోజే తెలిసింది. అసలు రుజువు ఇలా సాగుతుంది. ఒకే నోడ్ ఉన్న ట్రీలో ఎడ్జ్‌లు లేవు, అంటే నోడ్ల సంఖ్యకూ ఎడ్జ్‌ల సంఖ్యకూ తేడా ఒకటి. అంతకంటే పెద్ద ట్రీ ఏది తీసుకున్నా, ఒకే ఎడ్జ్‌తో వేలాడే నోడ్ ఒకటైనా అందులో ఉంటుంది. దాన్ని తుంచితే నోడ్ ఒకటి, ఎడ్జ్ ఒకటి తగ్గి మిగిలినది మళ్లీ ట్రీయే అవుతుంది, తేడా మాత్రం మారదు. అలా తుంచుకుంటూ పోతే ఎంతటి ట్రీ అయినా చివరికి ఒక్క నోడ్‌కు చేరుతుంది, అక్కడ తేడా ఒకటి కనుక మొదటి ట్రీలోనూ ఒకటే. గణితానుగమనం అంటే ఇదేనని అర్థమైన సాయంత్రం నాకు కలిగిన ఆనందం ఇంతా అంతా కాదు. అప్పటినుంచి రోజుకొక రుజువు చదివి, పుస్తకం మూసి, తెల్లకాగితం మీద నా మాటల్లో మళ్లీ రాసేవాణ్ని. ఎక్కడ కలం ఆగితే అక్కడ నాకు అర్థం కానిది ఉన్నట్టు.

కనుక దరఖాస్తుకు ఒక ఏడాది ముందునుంచే డిస్క్రీట్ మ్యాథమెటిక్స్ (ట్రీలు, రుజువుల వంటివి నేర్పే గణితం), లీనియర్ ఆల్జీబ్రా, ప్రాబబిలిటీ చదవడం మొదలుపెట్టు. జర్మనీ ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో చాలావాటికి ట్యూషన్ ఫీజు లేకపోయినా, మాస్టర్స్‌కు తీసుకునేముందు బ్యాచిలర్స్‌లో గణితం, థియరీ, అల్గారిథమ్స్ ఎన్ని క్రెడిట్లు చేశావో పరిశీలిస్తారు. మెకానికల్ డిగ్రీతో ఆ లెక్క చాలకపోవచ్చు. బ్రిటన్‌లో ఏడాదిలో పూర్తయ్యే కన్వర్షన్ మాస్టర్స్, వేరే శాఖలో డిగ్రీ చేసిన నీలాంటివారికోసం పెట్టినవే. నాలుగేళ్లు పోసి రెండో బ్యాచిలర్స్ చేయాలన్న ఆలోచనను మాత్రం, పునాది మొత్తం కొత్తగా వేసుకోవాలని గట్టిగా అనిపిస్తే తప్ప, నేను సమర్థించలేను.

పత్రాల సంగతి క్లుప్తంగా చెబుతాను. ఐఈఎల్‌టీఎస్, టోఫెల్ స్కోర్లు రెండేళ్లే చెల్లుతాయి కనుక మరీ తొందరపడి రాయకు. కాలేజీ నుంచి ట్రాన్‌స్క్రిప్టులతో (సబ్జెక్టులవారీ మార్కుల పత్రాలతో) పాటు సిలబస్ ప్రతులు కూడా ఇప్పుడే తీసి ఉంచు. పన్నెండేళ్ల తరువాత నిన్ను గుర్తుపట్టే అధ్యాపకుడు దొరకడం కష్టం, అందుచేత పై అధికారుల సిఫార్సు లేఖలను అంగీకరించే కోర్సులను ముందుగా గుర్తించు. ఎస్‌ఓపీలో, అంటే ఎందుకు చదవదలచావో దరఖాస్తుతో పాటు రాసే వ్యాసంలో, చిన్ననాటి నుంచి కంప్యూటర్లంటే ఇష్టమని రాయవద్దు. పనిలో నీకు ఎదురై, నీకున్న చదువుతో పరిష్కరించలేకపోయిన సమస్య ఒకటి తీసుకుని దాన్ని వివరంగా రాయి. ఒకే చెల్లింపు రెండు సర్వర్లలో రెండుసార్లు నమోదైన ఉదంతాన్ని నేను రాశాను. దానికి డిస్ట్రిబ్యూటెడ్ సిస్టమ్స్ (అనేక కంప్యూటర్లు కలిసి ఒకటిగా పనిచేసే పద్ధతి) అనే పూర్తి శాస్త్రమే ఉందని తెలియక మూడు నెలలు తడుముకున్న సంగతి కూడా దాచకుండా రాశాను.

డబ్బు విషయంలో, ఫీజుతో పాటు ఆగిపోయే జీతాన్ని కూడా ఖర్చు కిందనే వేసుకో. జర్మనీ విద్యార్థి వీసాకు బ్లాక్డ్ అకౌంట్‌లో (నెలకు ఇంత చొప్పునే తీసుకోగల ఖాతాలో) చూపవలసిన మొత్తం 2024 సెప్టెంబరు నుంచి ఏడాదికి 11,904 యూరోలు. ఇలాంటి అంకెలు మారుతుంటాయి కనుక, దరఖాస్తు పెట్టే రోజున ఆ దేశపు రాయబార కార్యాలయం వెబ్‌సైట్‌లో మళ్లీ సరిచూసుకో.

మరదలితో ఇంకా మాట్లాడలేదని నీ ఉత్తరం చదివితే అర్థమైంది. ఆ మాట ముందు జరగాలి. నువ్వు చదివే గంటలన్నీ ఆమె చేతుల్లోంచి వచ్చేవే. ఏ రోజుల్లో ఏ వేళ నీ తలుపు మూసి ఉంటుందో, ఏ రోజు పుస్తకం ముట్టవో ఇద్దరూ కూర్చుని రాసుకోండి. ఆ తరువాత ఎనిమిది వారాలపాటు, వారానికి పది గంటల చొప్పున, డిస్క్రీట్ మ్యాథమెటిక్స్ చదివి చూడు. నీ నోటుపుస్తకంలోని రుజువులను ఫొటో తీసి పంపితే నేను దిద్ది పంపుతాను. ఏ కోర్సుకు దరఖాస్తు పెట్టాలో అప్పుడు కూర్చుని మాట్లాడుకుందాం.

ఇట్లు,
మీ అన్నయ్య